నా వాటా మూడో వైపు

పోయిన ఆదివారం మా మనవరాలు అరవై చిల్లర డాలర్లు పోసి పాటల ప్లేట్లు కొంది. నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. ఆపితే తాతకి చాదస్తం అంటారు. ఆపకపోతే ఇదిగో, ఇలా కూర్చుని రాసుకోవాలి.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్లింటికి వచ్చి రెండు నెలలైంది. ఇక్కడ నడిచి వెళ్లగలిగిన చోటంటూ ఏదీ ఉండదు కనక, ఎవరు కారు తీస్తే వాళ్ల పక్క సీట్లో కూర్చోవడమే నా ఉద్యోగం. ఆ రోజు పదిహేడేళ్ల మనవరాలు తీసింది. రికార్డుల కొట్టుకి తీసుకెళ్లింది. తలుపు తియ్యగానే అట్ట వాసన, దుమ్ము వాసన, ప్లాస్టిక్కు వాసన కలిసి మొహానికి కొట్టాయి. ఎన్నేళ్లయిందో ఆ వాసన చూసి! చెక్క తొట్లలో ప్లేట్లు వరసగా నిలబెట్టారు. కుర్రకారంతా వంగి, చీరల కొట్లో మా ఆవిడ మడతలు తిరగేసినట్టు, వాటిని రెండు వేళ్లతో తిరగేస్తున్నారు. కొనేవాళ్లు తక్కువ, ఫోన్లో ఫొటో తీసుకుని మళ్లీ తొట్లో పెట్టేసేవాళ్లు ఎక్కువ.

"తాతా, నీకు బీటిల్స్ తెలుసా?" అంది.

నన్ను పట్టుకుని! సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినవాణ్ణి, పక్కింట్లో పియానో, ఎదురింట్లో గిటారు వింటూ ఎక్కాలు అప్పజెప్పినవాణ్ణి. "తెలుసమ్మా, కొద్దిగా" అన్నాను. కోపం వచ్చినప్పుడు నేను కొద్దిగానే మాట్లాడతాను.

తను తీసింది నీలం అట్ట. పైన 1967–1970 అని ఉంది. నలుగురూ మెట్ల మీద కటకటాల మీంచి కిందికి వంగి చూస్తున్న బొమ్మ. నా గుండె ఒక్కసారి జారింది. అది నాది. అంటే, అందులో నాలుగో వంతు. ఆ లెక్క తర్వాత చెబుతాను.

ఇంటికొచ్చాక మూడు ప్లేట్లున్న ఆ బరువైన సరుకుని బల్ల మీద పెట్టింది. ఫొటో తీసింది. ఎవరెవరికో పంపింది. పైనున్న పల్చటి ప్లాస్టిక్కు చింపుతుందేమో, వాసన చూద్దామని నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. చింపలేదు. మూడు రోజుల తర్వాత పన్నెండంగుళాల ఫ్రేము ఒకటి పోస్టులో వచ్చింది. ప్లేట్లతో సహా అట్టని అందులో బిగించి, మంచానికి ఎదురుగా గోడకి తగిలించింది.

"ప్లేయరు కొనుక్కోవే, నేనిస్తా డబ్బులు" అన్నాను.

"ఎందుకు తాతా? పాటలు ఫోన్లో ఉన్నాయి కదా."

అదీ సంగతి. మా రోజుల్లో పాటలు దొరక్క ప్లేటు కొన్నాం. వీళ్లు పాటలన్నీ జేబులో వేసుకుని ప్లేటు కొంటున్నారు. కడుపు నిండా తిని వచ్చి హోటలు బోర్డు ఊడబెరికి ఇంటికి తెచ్చుకున్నట్టుంది. ఇది ఒక్క మా ఇంటి పిచ్చి కాదు. 2022లో అమెరికాలో 41 మిలియన్ల వినైల్ ప్లేట్లు అమ్ముడైతే, సీడీలు 33 మిలియన్లే. ప్లేట్లు సీడీలని దాటడం 1987 తర్వాత అదే మొదటిసారట. ఆ నాలుగు కోట్ల పైచిలుకు ప్లేట్లలో ఎన్నింటి మీద ముల్లు ఆనిందో ఎవరూ లెక్క తియ్యలేదు. తీస్తే బాగుండు.

అసలు ఈ ఏరికూర్చిన పాటల ప్లేటు ఎవరి కోసం పుట్టింది? పదమూడు ప్లేట్లు కొనలేనివాడి కోసం. డబ్బున్నవాడు ఒక్కొక్కటే కొనుక్కుంటాడు. లేనివాడు అన్నింట్లోనూ మంచివి ఒకచోట ఉంటే అదొక్కటి కొని, ఆ బ్యాండు తనకి తెలిసినట్టు జన్మంతా మాట్లాడతాడు. ఆ రెండో రకం నేను. అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. పెళ్లి భోజనంలో అన్నీ తలా కాస్త వడ్డించినట్టు, ఎక్కడా కడుపు నిండకపోయినా అన్నీ తిన్నామన్న తృప్తి ఉంటుంది.

1979. మేం నలుగురం. రైల్వే కాలనీలో తండ్రి చేసే ఉద్యోగమే పిల్లవాడి పేరు. డ్రైవరుగారబ్బాయి, గార్డుగారబ్బాయి, బుకింగ్ క్లర్కుగారబ్బాయినైన నేను, మా వీధి చివరి ఆంగ్లో ఇండియన్ ఫిట్టరుగారబ్బాయి. ఈ నాలుగోవాడే మాకు గురువు. వాడి ఇంట్లో కలకత్తా నుంచి వచ్చే జేఎస్ పత్రిక పాత సంచికలు దొంతర ఉండేది. ఆ పత్రిక 1977లోనే ఆగిపోయింది, అయినా మేం దాని బొమ్మలు చూస్తూనే ఉన్నాం. సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు సినిమా చూసొచ్చి, అర్థమైనవాడు అర్థం కానివాడికి కథ చెప్పే రోజులు. రేడియోలో మనకి కావాల్సిన పాట ఎప్పుడొస్తుందో ఆ రేడియోవాడికే తెలియాలి, మనం కాచుకుని కూర్చోవాలి. వచ్చిన పాట మధ్యలో రేడియో సిలోను గరగరలాడి మాయమైతే, మిగతా సగం మనమే పాడుకోవాలి.

అట్లాంటి రోజుల్లో సికింద్రాబాదులో ఒక కొట్టు అద్దాల వెనక రెండు జతల ప్లేట్లు కనిపించాయి. ఒకటి ఎర్ర అట్ట, రెండోది నీలం. ఎర్రది 1962 నుంచి 1966 వరకు, నీలంది 1967 నుంచి 1970 వరకు. బయటి దేశాల్లో 1973లోనే వచ్చినవి. వాటి పుట్టుక కథ కూడా మన బజారు కథలాంటిదే. బ్యాండు విడిపోయిన మూడేళ్లకి అమెరికాలో ఎవరో బీటిల్స్ పాటలు నాలుగు ప్లేట్ల పెట్టెలో కుక్కి, అనుమతీ గినుమతీ లేకుండా టీవీలో ప్రకటనలిచ్చి మరీ అమ్మేశారు. దొంగ సరుకు అంత బాగా పోతుంటే అసలు కొట్టువాడు ఊరుకుంటాడా? మేనేజరు అలెన్ క్లైన్ పూనుకుని ఈ ఎర్రదీ నీలందీ తీయించాడు. అంటే దొంగ చూపించిన దారిలో దొర నడిచాడన్నమాట.

కొట్టతను కౌంటరు అవతల నిలబడి, మా చెప్పుల వంక చూసి, "ముట్టుకోవద్దు" అన్నాడు. ఏదైనా ఒకటి కొనడానికే మా దగ్గర డబ్బులున్నాయి. ఎర్రదా, నీలందా? ఎర్రది తెస్తే మా నాన్న పార్టీ ఆఫీసులో చేరాననుకుంటాడని నా భయం. డ్రైవరుగారబ్బాయికి గంతులేసే పాటలు కావాలి, అవి ఎర్రదాంట్లోనే ఉన్నాయి. గార్డుగారబ్బాయి మాత్రం బుర్రగలవాడు. కొట్టతన్ని బతిమాలి, రెండింట్లోంచీ ఒక్కో ప్లేటు బయటికి తీయించి, ట్యూబులైటు కింద అడ్డంగా పట్టుకోమన్నాడు. పాటలున్నంత మేర గాళ్లు మెరుస్తాయి. పాటలు అయిపోయాక మధ్య కాగితం దాకా ఉత్త నల్ల పట్టీ ఉంటుంది. ఎర్రదాంట్లో ఆ ఉత్త పట్టీ రెండు వేళ్ల వెడల్పు పైనే ఉంది. నీలందాంట్లో వేలు పట్టేంత లేదు.

"ఒరేయ్, ధర ఒకటే. దీంట్లో సరుకెక్కువ" అన్నాడు.

వాడి కన్ను ఎంత నిజమో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఎర్రదాంట్లో 26 పాటలూ కలిపి గంట పైన రెండు నిమిషాలు. వాటిని నాలుగు వైపులకీ పల్చగా పరిచారు, పేద ఇంటి పాలు లాగా. నీలందాంట్లో 28 పాటలు, దాదాపు వంద నిమిషాలు. ఇప్పటి పిల్లలకి సరుకు చూసి కొనడం అనేది ఏదీ, పైన అంటించిన చీటీ చదివి కొంటారు. నూట ఎనభై గ్రాముల బరువట! మేం ప్లేటు కొన్నాం కానీ తూకానికి కొనలేదు.

తొంభై రూపాయలకి అటూ ఇటూగా పడింది. తలా ఇరవై రెండున్నర. మా నాన్న జేబులోంచి ఒక్క పైసా అడగలేదు, నెల్లాళ్లు సైకిలు అద్దెకి తీసుకోకుండా నడిచి కాలేజీకి పోయాను.

ఇక పంపకం. వీధి అరుగు మీద కూర్చున్నాం. ప్లేట్లు రెండు, వైపులు నాలుగు, వైపుకి ఏడు పాటలు, మనుషులం నలుగురం. దేవుడే లెక్క కుదిర్చినట్టు కుదిరింది. ఎవరి వాటా ఏ వైపో చీటీలేశాం. మొదటి వైపు డ్రైవరుగారబ్బాయికి, రెండోది గార్డుగారబ్బాయికి, మూడోది నాకు, నాలుగోది ఫిట్టరుగారబ్బాయికి వచ్చాయి. చీటీ విప్పగానే నాకు ఏడుపొచ్చింది. రెండో వైపులో ఒక పాటే ఏడు నిమిషాలుంటుంది. మిగతావాళ్ల ఏడు పాటలు ఒక ఎత్తు, వాడి ఏడు పాటలు ఒక ఎత్తు. నాలుగో వైపేమో మెత్తటి పాటల గని. నా మూడో వైపులో చివరి పాట పేరు ఓల్డ్ బ్రౌన్ షూ. అసలు సింగిల్ ప్లేటుకి వెనక వైపున వేసిన పాట. ఆ సాయంత్రం నుంచి కాలనీలో నా పేరు పాత బూటు. మొన్న మొన్నటి దాకా గార్డుగారబ్బాయి ఫోనులో అలాగే పిలిచేవాడు.

నియమాలు పెట్టుకున్నాం. ప్లేట్లు వారానికి ఒకరింట్లో ఉంటాయి. ఎవరింట్లో ఉంటే వాళ్ల వైపు ముందు మోగాలి. ఎవరి వైపు దుమ్ము వాళ్లే తుడుచుకోవాలి. ఈ చివరి నియమం చేసిన గొడవ ఇంతా అంతా కాదు. నా మూడో వైపు తుడవాలంటే వెనక నాలుగో వైపుని దుప్పటి మీద బోర్లా పెట్టాలి. ఫిట్టరుగారబ్బాయి పక్కనే నిలబడి, "మై సైడ్, మ్యాన్! మై సైడ్!" అని అరిచేవాడు. ఎదుటివాడి వీపు గోకకుండా మన వీపు తుడుచుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

ప్లేయరు మాకున్నది ఒక్కటే. మా నాన్నది. సూట్‌కేసులా మూసి పట్టుకెళ్లే ఫియెస్టా, సెల్సుతో నడిచేది. ఇంట్లో చట్టం ఏమిటంటే పొద్దున ముందు ఘంటసాల భగవద్గీత మోగాలి. అర్జునుడి విషాదం తీరేదాకా మా విషాదం తీరదు. గీత అయ్యాక నాన్న డ్యూటీకి వెళ్లాక మా వంతు. ఈలోగా సెల్సు సగం నీరసించి ఉండేవి. సెల్సు తగ్గితే పాట ఆగదు, మందగిస్తుంది. గొంతులు లావెక్కి, నిద్రమత్తులో ఎవరో బావిలోంచి పాడినట్టు మొదలవుతుంది. అప్పుడు సెల్సు తీసి పెరట్లో ఎండలో పెట్టేవాళ్లం, ఒడియాల పక్కన. మా అమ్మ కాకుల్ని తోలుతూ వాటికీ కాపలా కాసేది. గంటయ్యాక తెచ్చి వేస్తే ఇంకో రెండు పాటలకి ప్రాణం వచ్చేది. అది సైన్సో నమ్మకమో నాకక్కర్లేదు, మాకు పాట వినిపించేది.

ముల్లు జారితే దాని తల మీద పది పైసల బిళ్ల అంటించేవాళ్లం. ఆ బరువుకి గాడి అరిగిపోతుందని తర్వాత ఎవరో పెద్దమనిషి చెప్పాడు. అరిగితే అరగనీ. కొన్నదెందుకు?

నా వైపు మొదటి పాట విమానం చప్పుడుతో మొదలవుతుంది. మొదటిసారి వేసినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి పెరట్లోకి పరిగెత్తింది. బేగంపేట విమానాలు మా మీదుగా కిందికి దిగుతుండేవి, ఇదేమిటి ఇంత కిందికొచ్చిందని. వారం రోజుల తర్వాత నిజంగా విమానం పోయినా, "ఆ వెధవ పాట ఆపరా" అనేది. ఇప్పుడా చప్పుడు ఈ పిల్ల చెవిలో పెట్టుకున్న తెల్ల గింజల్లోంచి వస్తే, పక్క గదిలో ఉన్న వాళ్లమ్మకి కూడా తెలియదు. ఏ తల్లీ పెరట్లోకి పరిగెత్తదు.

ఒక్క విషయంలో మాత్రం ఫోను ముందు నేను ఓడిపోయాను, దాచడం దేనికి. నా చివరి పాట, ఆ పాత బూటు పాట, నాకెప్పుడూ గరుగ్గా వినిపించేది. గొంతులో పొట్టు ఇరుక్కున్నట్టుండేది. పాటే అంత కాబోలని నలభై ఏళ్లు అనుకున్నాను. మొన్న రాత్రి నిద్ర పట్టక మనవరాలి ఫోనులో విన్నాను. ఎంత శుభ్రంగా ఉందీ! ఆ కింది తీగల వాయింపు పరుగులు పెడుతోంది. మా ప్లేటులో అదంతా బురదలా ఉండేది. తప్పు పాటది కాదు, చోటుది. ప్లేటు నిమిషానికి ముప్ఫైమూడు చుట్ల చిల్లర తిరుగుతుంది. అంచు మీద చుట్టు పెద్దది కనక ముల్లు కింద బోలెడు గాడి పరిగెడుతుంది. మధ్య కాగితం దగ్గరికొచ్చేసరికి చుట్టు చిన్నదై, అదే సమయానికి అందులో సగం కంటే తక్కువ గాడి దొరుకుతుంది. అదే పాటని ఇరుకు గాడిలో కుక్కాలి. అందులోనూ మాది నిండా పాటలు దట్టించిన నీలం ప్లేటు. వైపు చివర వచ్చినవాడికి ఇరుకూ అరుగుదలా రెండూ తప్పవు. ఎక్కువ సరుకుంది కదా అని కొన్నాం, ఆ ఎక్కువకి జరిమానా నా పాటే కట్టింది.

ఈ సంగతి మనవరాలికి చెప్పబోయాను. "అయితే ఫోనే బెటర్ కదా తాతా" అంది. అందుకే ఈ పిల్లలకి ఏదీ సగం చెప్పకూడదు.

ఆ మెట్ల బొమ్మ సంగతి చెప్పాలి, అది నాకు ఇష్టమైనది. లండన్‌లో మాంచెస్టర్ స్క్వేర్ అని ఒకచోట, బీటిల్స్ రికార్డుల కంపెనీ ఆఫీసుండేది. 1963లో ఆంగస్ మెక్‌బీన్ అనే ఫొటోగ్రాఫరు కింద నిలబడి, పై అంతస్తు కటకటాల మీంచి వంగిన ఈ నలుగురినీ తీశాడు. నున్నగా గీసిన గడ్డాలు, ఒకేలాంటి సూట్లు, పరీక్ష పాసైన మొహాలు. 1969లో అదే ఆయన, అదే మెట్ల దగ్గర, అలాగే నిలబెట్టి మళ్లీ తీశాడు. జుట్టు భుజాల మీదికొచ్చింది, గడ్డాలు పెరిగాయి, ఒకడి మొహంలో ఒకడితో పని లేదు. ఎర్ర అట్టకి ముందు పాత ఫొటో, వెనక కొత్తది. నీలం అట్టకి తిరగేసి. మేం ఆ అట్టని అటూ ఇటూ తిప్పి ఎన్ని గంటలు చూసేవాళ్లమో. ఆరేళ్లలో మనుషులు ఇంత మారతారా అని మాకు ఆశ్చర్యం. మాకు ఇరవయ్యేళ్లు మరి. ఫిట్టరుగారబ్బాయి వాళ్ల మామయ్య కెమెరా తెచ్చి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద మమ్మల్ని అలాగే వంగమని తీయించాడు. ఆ ఫొటోలో నా మొహం మీద కటకటాల నీడ పడింది, నేనెవరో నాకే తెలియదు.

ఈ పిల్ల కొన్న కొత్త నీలం అట్ట 2023 నవంబరులో వచ్చింది. పాత 28 పాటలకి ఇంకో తొమ్మిది కలిపి 37 చేసి, ఆ కొత్తవాటిని మూడో ప్లేటుకి ఎక్కించారు. మా వరస మాత్రం చెడగొట్టలేదు, అంతవరకు మెచ్చుకోవచ్చు. కలిపినవాటిలో ఒకటి మన దిల్‌రుబా, తబలా వినిపించే 1967 నాటి పాట, ఆ నలుగురిలో ఒకడైన హారిసన్‌ది. మరోటి 1968లో వీళ్లు రుషీకేశ్ ఆశ్రమంలో ఉన్నప్పుడు, గదిలోంచి బయటికి రాకుండా ధ్యానం చేసుకుంటున్న ఒక అమ్మాయి మీద కట్టిన పాట. 1973లో ఏరినవాళ్లకి ఈ రెండూ పనికిరాలేదు. యాభై ఏళ్లు ఆగాక గంగ గుర్తొచ్చింది. ఎర్రదాంట్లో హారిసన్ రాసిన పాట అప్పట్లో ఒక్కటీ లేదు, అదీ ఇప్పుడే సర్దారు. ఏరేవాడి చేతిలో ఉంటుంది ఎవరు గొప్పో అన్నది. తిరుపతి లడ్డూలో జీడిపప్పు ఎవరి వాటాకి వస్తే వాడిదే భక్తి.

మూడో ప్లేటులో ఇంకో పాట ఉంది. దాని పేరే అప్పుడు–ఇప్పుడు అని అర్థం వచ్చే నౌ అండ్ దెన్. నాలాంటి వాళ్ల మీదే పెట్టినట్టుంది పేరు. ఆ నలుగురిలో ఒకడైన లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో ముందు కూర్చుని మామూలు క్యాసెట్టులో పాడుకున్నది. 1980 డిసెంబరులో ఆయన్ని కాల్చేశారు. 1995లో మిగతా ముగ్గురూ ఆ క్యాసెట్టు పట్టుకుని కూర్చున్నారు కానీ, టేపులో గుయ్యిమనే చప్పుడు, గొంతుని మింగేస్తున్న పియానో, పని సాగక వదిలేశారు. 2001లో హారిసన్ పోయాడు. చివరికి కంప్యూటరుకి నేర్పించి, ఆ చప్పుట్లోంచి గొంతునొక్కదాన్ని విడదీశారు, పప్పులోంచి రాళ్లు ఏరినట్టు. 1995లో హారిసన్ వాయించి ఉంచిన గిటారు కలిపారు, బతికున్న ఇద్దరూ తమ వాటా వేశారు. విన్నాను. బాగుంది. బాగుందని ఎవరితోనూ అనలేదు. గుయ్యిమనే చప్పుడు తీసెయ్యగలిగితే ఇంత ఘనమా? మా ఇంట్లో ఆ చప్పుడు వాటాలో భాగం. అది లేకపోతే ప్లేయరు పని చేయట్లేదని సెల్సు తీసి ఎండలో పెట్టేవాళ్లం.

మా పాత ప్లేట్ల గొప్పలు చెబుతున్నప్పుడు మనవరాలు వింటూనే ఉంది. చెవుల్లోంచి ఆ తెల్ల గింజలు తీసి మరీ వింది. నేను రెచ్చిపోయాను. ఇప్పటివాళ్లకి వస్తువు విలువ తెలియదన్నాను. చెవికి పెట్టాల్సింది గోడకి పెట్టారన్నాను. కంచం గోడకి కొట్టుకుని అన్నం ఫోన్లో తింటున్నారన్నాను. చివరికి నోరు జారి, "మా ఇంట్లో అసలు సిసలు 1979లో కొన్నది, డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారైనది ఇప్పటికీ ఉంది తెలుసా!" అన్నాను.

పిల్ల కళ్లు మెరిశాయి. "రియల్లీ? తాతా, చూపించవా! రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీద్దాం."

అప్పుడు నాకు గుర్తుకొచ్చింది, ఇంకో సంగతి చెప్పలేదని.

1984లో ఫిట్టరుగారి కుటుంబం పెర్త్ వెళ్లిపోయింది. మా కాలనీలోంచి ఆస్ట్రేలియా వెళ్లిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇళ్లలో పియానోలు వదిలేసి వెళ్లాయి కానీ, వీడు తన నాలుగో వైపు వదలనన్నాడు. నాలుగో వైపు వీపుకే నా మూడో వైపు ఉంది. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. చివరి రోజు స్టేషన్‌లో, మద్రాసు రైలు కదులుతుండగా, నేనే పరిగెత్తి కిటికీలోంచి ఇచ్చేశాను. కటకటాల సందులోంచి అట్ట దూరలేదు, ప్లేటు ఒక్కటే లోపలి కాగితంతో పట్టింది. మొదటి ప్లేటు వాళ్లిద్దరిదీ. పెళ్లిళ్లయ్యాక గార్డుగారబ్బాయి దాన్ని విజయవాడ పట్టుకెళ్లాడు, డ్రైవరుగారబ్బాయి తన వైపుని వాడికే అప్పు కింద జమ చేశాడు. నా చేతిలో మిగిలింది...

అదంతా ఇప్పుడు ఈ పిల్లకి చెప్పడమా? అర్ధరాత్రి దాటాక, సికింద్రాబాదులో మధ్యాహ్నం అవుతుండగా, మా తమ్ముడికి వీడియో కాల్ చేయించింది. వాడు బీరువా తీశాడు. పై అరలో, పంచెల కింద, నీలం అట్ట. అంచులు అరిగి తెల్లబడ్డాయి, ఒక మూల చీమలో చెదలో కొరికాయి. అయినా ఆ నలుగురూ అలాగే వంగి చూస్తున్నారు.

"ఓ మై గాడ్" అంది మనవరాలు. "తీయండి తాతా, లోపలున్నది తీసి చూపించండి."

మా తమ్ముడు అట్టలో చెయ్యి పెట్టాడు. కాసేపు వెతికాడు. ఒక కట్ట బయటికి తీసి, కళ్లజోడు పైకి లేపి చదివాడు.

"అన్నయ్యా, ఇంటిపన్ను రసీదులు. 2009 నుంచి 2016 దాకా. వదిన పెట్టినట్టుంది, మడత పడకుండా. ఇంకేం లేదు."

ఫోనులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు నా వంక చూసింది, గోడ మీది ఫ్రేము వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది.

"సో తాతా, నీ దగ్గర కూడా కవరే ఉందన్నమాట."

"నీది ఉత్తినే గోడకి వేలాడుతోంది" అన్నాను. "నాది ఎనిమిదేళ్ల రసీదులు కాపాడింది."